సర్వర్ మార్పించుకున్నాక ఎస్‌ఎస్‌ఎల్ చూడకుండా డబ్బు కట్టొద్దు

చీమకుర్తి, ఒంగోలు వైపు గ్రానైట్ లెక్కలు కంప్యూటర్లో నడుపుకునే అన్నలందరికీ చెబుతున్నా. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

మా బ్లాకుల కొలతలు, రేట్లు, పార్టీల బాకీలు అన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. సర్వర్ ఒంగోలు ఆఫీసులో, యార్డు చీమకుర్తిలో, మధ్యలో మామూలు ఇంటర్నెట్టే. పాత విండోస్ మిషన్ మొరాయిస్తోందని లైనక్స్ మీదికి మార్చే పని ఒకతనికి 35 వేలకు అప్పజెప్పాం. కనెక్షన్ ఎప్పటిలా ఎన్‌క్రిప్షన్‌తోనే, అంటే దారిలో ఎవరూ చదవలేని ఎస్‌ఎస్‌ఎల్ పద్ధతిలోనే ఉండాలని కొటేషన్లో రాయించాం కూడా. రెండు రోజుల్లో అయిపోయిందన్నాడు. బిల్లులు వస్తున్నాయి కదా అని డబ్బులిచ్చేశాం.

నెల తర్వాత నెట్ నెమ్మదిగా ఉందని మా తమ్ముడు యార్డులో వైర్‌షార్క్ (నెట్ మీద పోయే డేటాను చూపే ప్రోగ్రాం) పెట్టి చూశాడు. పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టు మీద పార్టీ పేరు, బ్లాకు నంబరు, పక్కనే క్యూబిక్ మీటరు రేటు, అక్షరం పొల్లుపోకుండా కనబడుతున్నాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. గెలాక్సీ రకం గ్రానైట్ బ్లాకు ఎవరికి ఎంతకిచ్చామో బయటికి పొక్కితే రేపు ఏ పార్టీతో బేరమాడగలం?

తవ్వితే తేలింది ఇదీ. పోస్ట్‌గ్రెస్‌ను సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేస్తూ (ప్రోగ్రాంగా కడుతూ), ఎన్‌క్రిప్షన్‌కు కావలసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఆప్షన్ అతను పెట్టలేదు. అలా కట్టిన సర్వర్‌కు ఎస్‌ఎస్‌ఎల్ అన్నదే ఉండదు, సెట్టింగ్ ఆన్ చేస్తే అసలు లేవదు. మళ్లీ కంపైల్ చేయాల్సింది పోయి, ఎస్‌ఎస్‌ఎల్ ఆన్ చేసే ఆ సెట్టింగ్ లైనునే తీసేశాడు. ఎవరు ఎలా కనెక్ట్ కావచ్చో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైల్లో 'హోస్ట్‌ఎస్‌ఎస్‌ఎల్' (ఎస్‌ఎస్‌ఎల్ ఉంటేనే) అని ఉన్నచోట 'హోస్ట్' చేశాడు. యార్డు కంప్యూటర్లో ఎస్‌ఎస్‌ఎల్ మోడ్ 'రిక్వైర్' నుంచి 'ప్రిఫర్'కు దించాడు. ప్రిఫర్ అంటే ఎన్‌క్రిప్షన్ దొరక్కపోతే చెప్పకుండా మామూలుగానే కలిసిపోతుంది. ఒక్క ఎర్రర్ రాదు. మాకు తెలియనిది అందుకే.

అడిగితే పాస్‌వర్డ్ స్క్రామ్ అనే లాగిన్ పద్ధతిలో భద్రంగానే పోతుంది కదా అన్నాడు. పాస్‌వర్డ్ వరకు నిజమే. దాని వెనక పోయే లెక్కలన్నీ బట్టబయలే కదా! ఇప్పుడు ఫోనెత్తడం లేదు.

వేరే అబ్బాయిని పిలిస్తే సాయంత్రానికి సరిచేశాడు. అదే వెర్షన్‌ను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో మళ్లీ కంపైల్ చేశాడు, డేటా కదిలించే పనే పడలేదు. ఎస్‌ఎస్‌ఎల్ రహస్య కీ ఫైలుకు 0600 పర్మిషన్ (సొంత ఖాతా ఒక్కటే తెరవగలిగేలా) పెట్టాడు, అది ఇతరులు చదివేలా ఉంటే సర్వర్ ఒప్పుకోదు. క్లయింటులో 'వెరిఫై ఫుల్' పెట్టించుకున్నాం. రిక్వైర్ ఒక్కటే ఉంటే అవతల ఉన్నది మన సర్వరేనా అని సరిగా పోల్చుకోదట.

మీరు పని చేయించుకుంటుంటే, మార్చినతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, యార్డు కంప్యూటర్ కనెక్ట్ అయి ఉండగా ఏ కనెక్షన్‌కు ఎస్‌ఎస్‌ఎల్ ఉందో చూపే పీజీ స్టాట్ ఎస్‌ఎస్‌ఎల్ వ్యూ (పట్టిక) తెరిపించండి. యార్డు కనెక్షన్ ఎదురుగా ఎస్‌ఎస్‌ఎల్ గడిలో 'టీ' ఉండాలి. 'ఎఫ్' ఉంటే పని అవలేదు, చివరి వాయిదా చేతికివ్వకండి.