కన్సోల్ కొనేముందు ఒక నైట్ షిఫ్ట్ చేసి చూడండి

మా ఆఫీసు గచ్చిబౌలిలో, డేటా సెంటర్ మాదాపూర్‌లో. చూస్తే పక్కపక్కనే, కానీ గట్టి వాన పడిన సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దాటడానికే గంట పడుతుంది. సర్వర్ల కన్సోల్ (దూరం నుంచే సర్వర్లని చూసే, నడిపే తెర) గురించి చెప్తానని ట్రాఫిక్ గోల ఏంటంటారా? అర్ధరాత్రి అక్కడిదాకా పరుగెత్తే పని తప్పించడానికే కదా కన్సోల్ ఉన్నది. పదకొండేళ్లుగా నేను ఐబీఎం పవర్ సర్వర్లను హెచ్‌ఎంసీతో (ఐబీఎం వాళ్ల హార్డ్‌వేర్ మేనేజ్‌మెంట్ కన్సోల్) నడుపుతున్నాను, పక్కనే కొన్ని ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ చిప్‌ల) సర్వర్లూ ఉన్నాయి. ఇది ఆ అనుభవం, బ్రోచర్ కాదు.

నేను చేరినప్పుడు టీమ్‌లో ఇదే చర్చ. హెచ్‌ఎంసీ ఉండగా వేరేది ఎందుకు అని పాతవాళ్లు, డబ్బు ఎందుకు దండగ, ఐవీఎం చాలదా అని మేనేజర్. ఐవీఎం అనే కన్సోల్ సర్వర్‌లో నడిచే వీఐఓఎస్‌లోనే (సర్వర్‌ని ముక్కలుగా పంచినప్పుడు వాటికి డిస్కు, నెట్‌వర్క్ అందించే సాఫ్ట్‌వేర్) ఉండేది, విడిగా పెట్టె కొనక్కర్లేదు, నిజమే, కానీ తానున్న ఒక్క సర్వర్‌ని తప్ప పక్కదాన్ని చూసేది కాదు. హెచ్‌ఎంసీ స్థానంలోకి వస్తుందని 2011లో ఎస్‌డీఎంసీ అనే కన్సోల్ తెచ్చారు, అది ఎక్కువ కాలం నిలవలేదు. 2012లో ప్యూర్‌ఫ్లెక్స్ సర్వర్లతో పాటు ఫ్లెక్స్ సిస్టమ్ మేనేజర్ అనే కన్సోల్ వచ్చింది: ఛాసిస్‌లో (సర్వర్లు గుచ్చే పెట్టె) 14 నోడ్లు (సన్నటి సర్వర్లు) పట్టే చోట ఒక గడి తనకే తీసుకునేది, పవర్ నోడ్లనీ ఎక్స్86 నోడ్లనీ ఒకే తెర మీద చూపించేది. డెమో చూసి మా పెద్దలు ఫ్లాట్. మావి రాక్ సర్వర్లు కాబట్టి బతికిపోయాం, లేకపోతే అదే కొనేవాళ్లం. 2014లో ఐబీఎం తన ఎక్స్86 సర్వర్ల వ్యాపారాన్ని లెనోవోకి అమ్మేసింది. అన్నదమ్ములు వేరుపడ్డాక ఉమ్మడి వంటిల్లు ఎవరిది? అప్పటినుంచి ‘అన్నీ ఒకే తెర మీద’ అనే మాట వింటే నేను సేల్స్ వాళ్లని ఒక్కటే అడుగుతాను: సర్వర్ బూట్ కాకుండా ఆగిపోతే దీంతో ఏం చేయగలను?

ఎందుకు అడుగుతానో చెప్తాను. ఒక జూలై రాత్రి రెండున్నరకి షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, ఎల్‌పార్ 0554 దగ్గర ఆగిపోయింది, వీటెర్మ్ తెరుస్తుంటే ఆల్రెడీ ఓపెన్ అంటోంది.” ఎల్‌పార్ అంటే సర్వర్‌లో సొంత ఓఎస్‌తో నడిచే ఒక ముక్క, పార్టిషన్; వీటెర్మ్ అంటే హెచ్‌ఎంసీ నుంచి దానికి తెరిచే టెర్మినల్. ఏఐఎక్స్ (ఐబీఎం వాళ్ల యునిక్స్) తెలిసినవాళ్లకి 0554 కోడ్ చూడగానే సగం సంగతి అర్థమవుతుంది, రూట్‌వీజీ (ఓఎస్ ఉండే) డిస్కో ఫైల్ సిస్టమో తేడా కొట్టిందని. అసలు టెన్షన్ రెండో మాటతో. ఒక పార్టిషన్‌కి ఒకసారి ఒక్క టెర్మినలే తెరవనిస్తుంది హెచ్‌ఎంసీ. పగటి షిఫ్ట్ మనిషి తెరిచి, మూయకుండా ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాడు. ఆర్‌ఎంవీటెర్మ్ కమాండ్ కొట్టించి పాతది తెంపించాను, పార్టిషన్‌ని ఎస్‌ఎంఎస్ మోడ్‌లో (ఎక్కడినుంచి బూట్ చేయాలో ఎంచుకునే మెనూ) లేపి, నిమ్ (నెట్‌వర్క్ మీద బూట్ చేయించే సర్వర్) నుంచి మెయింటెనెన్స్‌లోకి వెళ్లి ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ సరిచేసే కమాండ్) నడిపాం. నాలుగున్నరకి లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది. నేను లుంగీ కూడా మార్చలేదు. బయట కుండపోత, కారు తీసి ఉంటే ఆ టైమ్‌కి ఏదో ఫ్లైఓవర్ మీద ఉండేవాణ్ణి.

కొత్తవాళ్లు తడబడేది వీటెర్మ్ నుంచి బయటికి వచ్చేటప్పుడు. పుట్టీలో (విండోస్ నుంచి దూరపు మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) అయితే టిల్డా (~), చుక్క చాలు. లినక్స్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో వస్తే టిల్డా రెండుసార్లు కొట్టాలి, ఒక్కసారే కొడితే వీటెర్మ్ కాదు, ఎస్‌ఎస్‌హెచ్చే తెగుతుంది, టెర్మినల్ అలాగే వేలాడుతుంది. మా పగటి షిఫ్ట్ మనిషి చేసిందీ ఇదేనని తర్వాత తెలిసింది, పాపం ఊరికే తిట్టాను.

నా తప్పు ఇంకా పెద్దది. నెలాఖరు బ్యాచ్ కోసం ఒక ఎల్‌పార్‌కి నడుస్తుండగానే మెమరీ 64 నుంచి 96 జీబీకి పెంచాను, అంతా భేష్ అన్నారు. నాలుగు నెలల తర్వాత మెయింటెనెన్స్‌లో ఆపి, ప్రొఫైల్ (ఎంత మెమరీ, సీపీయూతో లేవాలో రాసిన సెట్టింగ్) ఎంచుకుని లేపితే మళ్లీ 64తోనే లేచింది. డీఎల్‌పార్‌తో, అంటే నడుస్తుండగానే, చేసిన మార్పు దానంతటది ప్రొఫైల్‌లోకి రాదు. పొద్దున్నే మెమరీ చాలక పేజింగ్ (డిస్కుని మెమరీలా వాడటం) మొదలై, అప్లికేషన్ టీమ్ ఫోన్ల మీద ఫోన్లు. ప్రొఫైల్‌ని ప్రస్తుత కాన్ఫిగరేషన్‌తో సింక్ చేసే ఆప్షన్ ఉంది, ఆ రోజే ప్రతి ఎల్‌పార్‌కీ పెట్టేశాను. మీరూ ఇప్పుడే వెళ్లి చూసుకోండి, ఇది చదవడం తర్వాతైనా పర్వాలేదు.

నచ్చనివీ ఉన్నాయి. హెచ్‌ఎంసీ సాఫ్ట్‌వేర్ వీ9తో పాత క్లాసిక్ తెర తీసేశారు, చేతికి అలవాటైన దారులన్నీ పోయాయి, కొత్తది చూడ్డానికి బాగుంటుంది కానీ రెండు క్లిక్కుల పనికి ఐదు. సగం పని కమాండ్ లైన్‌లోనే చేస్తాను కాబట్టి నాకు పెద్ద బాధ లేదు. సర్వర్ ఫర్మ్‌వేర్ ఎక్కించేముందు హెచ్‌ఎంసీ లెవెల్ సరిపోతుందో లేదో చూసుకోవడం ఎప్పుడూ ఉండే తలనొప్పి. వీ10తో పాత 7042 మోడల్ హెచ్‌ఎంసీ పెట్టెలకి దారి మూసుకుపోయింది, కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో చవకగా వచ్చిందని ఎగబడకండి. వర్చువల్ హెచ్‌ఎంసీ (విడి పెట్టె లేకుండా వర్చువల్ మెషీన్‌గా నడిచేది) మంచిదే, పవర్ మీదా ఎక్స్86 మీదా నడుస్తుంది, కాకపోతే తాను నడుస్తున్న పవర్ సర్వర్‌ని తానే మేనేజ్ చేయలేదు, అది మర్చిపోయి ప్లాన్ వేస్తే మొదటికే మోసం.

ఎక్స్86 వైపు సంగతి చిన్నది. ఐడ్రాక్ (డెల్ సర్వర్లలోని కన్సోల్) అయితే వర్చువల్ కన్సోల్‌కి ఎంటర్‌ప్రైజ్ లైసెన్స్, ఐలో (హెచ్‌పీఈ వాళ్లది) అయితే ఓఎస్ లేచాక కూడా తెర కనపడాలంటే అడ్వాన్స్‌డ్ లైసెన్స్. కొటేషన్‌లో ఆ లైన్ ఉందో లేదో చూడండి. స్క్రిప్టులు కొత్తగా రాస్తుంటే రెడ్‌ఫిష్‌లో (సర్వర్లని దూరం నుంచి నడిపే కొత్త ప్రమాణం) రాయండి, పాత ప్రమాణమైన ఐపీఎంఐ 623 పోర్టు మాత్రం మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ దాటి బయటికి కనపడకూడదు.

ఒక పవర్ సర్వర్‌కి రెండు హెచ్‌ఎంసీలు కట్టొచ్చు, మేమూ కట్టాం, చాలా తెలివైనవాళ్లం అనుకున్నాం. రెండింటినీ ఒకే స్విచ్‌కి గుచ్చాం. పోయినేడాది ఆ స్విచ్ పోయింది. రెండు తెరల మీదా అన్ని సర్వర్లూ ‘నో కనెక్షన్’. నాకు చెమటలు పట్టాయి, కస్టమర్‌కి ఏం చెప్పాలా అని కూడబలుక్కుంటుంటే, పక్కనున్న మేడమ్ నెమ్మదిగా ఎల్‌పార్లకి పింగ్ పెట్టి చూశారు. అన్నీ నడుస్తున్నాయి. హెచ్‌ఎంసీ పోయినంత మాత్రాన నడుస్తున్న ఎల్‌పార్లు ఆగవు, పుస్తకంలో చదివిందే, ఆ క్షణంలో గుర్తురాలేదు. ఆ రోజు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి సర్వర్ వెనక హెచ్‌ఎంసీ1 పోర్టుకి కేబుల్ పెట్టి, 169.254.2.147 అడ్రస్‌లో ఏఎస్‌ఎంఐ (సర్వర్ సొంత మేనేజ్‌మెంట్ పేజీ) తెరిచి ఒక్కో సర్వర్ చూసుకుంటూ వచ్చాను.

రెండో స్విచ్ మొన్ననే వచ్చింది. ఇంకా అట్టపెట్టెలోనే ఉంది, ఈ శనివారం రాక్‌లో పెట్టాలి, ఈసారి వేరే యూపీఎస్ మీద.