శిబిరంలో కొత్త టీచరుకు ఏది మేలు: నాలుగు రోజుల శిక్షణా, డిప్లొమానా?

కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరాలు 1991లో, కకూమా శిబిరం 1992లో మొదలయ్యాయి. రెండుచోట్లా బడి బరువు ఎక్కువగా శరణార్థి టీచర్లదే. నిన్నమొన్న సెకండరీ ముగించినవాళ్లు ఒక్కో గదిలో వందమందికి పాఠం చెప్పాలి. వీళ్లను తయారుచేయడానికి అక్కడ రెండు దారులు పట్టారు.

దదాబ్‌లో 2013 నుంచి కెన్యాకు చెందిన కెన్యాట్టా, మోయి, కెనడాకు చెందిన యార్క్, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయాలు కలిసి సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ అంటూ మెట్లుమెట్లుగా చదువు నడిపాయి. దీని బలం చేతికొచ్చే పత్రం. శిబిరం దాటాక కూడా అది చెల్లుతుంది. రెండో బలం సబ్జెక్టు జ్ఞానం: భిన్నాలు తనకే సరిగా రాని టీచరుకు బోధన కిటుకులు ఎన్ని నేర్పినా లాభం లేదు. చిక్కు ప్రవేశం దగ్గరే. ఆడపిల్లల్లో చాలామందికి మార్కులు చాలవు కాబట్టి ముందుగా ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పే వంతెన కోర్సు తప్పనిసరి. చదువు పూర్తయ్యేలోపు కొందరు వేరే దేశానికి వెళ్లిపోతారు, కొందరు మెరుగైన ఉద్యోగం చూసుకుంటారు. శరణార్థి టీచరుకు దక్కేది ‘ఇన్సెంటివ్’ అనే చిన్న భత్యం మాత్రమే. కెన్యా టీచరు జీతంతో పోలిస్తే అది ఏ మూలకూ రాదు.

కకూమాలో పొట్టి శిక్షణ, తోటి టీచరు గదికి వచ్చి పాఠం చూసి సలహా ఇచ్చే కోచింగ్, ఫోన్లో మార్గదర్శనం కలిపి చేశారు. సంక్షోభ ప్రాంతాల ప్రాథమిక టీచర్ల కోసం తయారైన పరిచయ శిక్షణ నాలుగు రోజులు: టీచరు బాధ్యత, పిల్లల రక్షణ, బోధన, పాఠ ప్రణాళిక. సెలవుల్లో పెట్టేస్తే బడి ఆగదు. కానీ తర్వాత తరగతి గదికి ఎవరూ రాకపోతే నేర్చుకున్నదంతా కొద్ది వారాల్లోనే జారిపోతుంది. నలభైమందికి సరిపడే గ్రూపు పనిని వందమందితో చేయించబోతే గోల తప్ప మిగిలేది ఉండదు. అక్కడ పక్కపక్కన కూర్చున్న ఇద్దరిద్దరితో చేయించడమే నడుస్తుంది, బెంచీలు కదపనక్కర్లేదు.

అందుకే అసలు పని కోచింగ్‌దే. పాఠానికి ముందు పది నిమిషాలు మాట్లాడాలి, పాఠం మొత్తం వెనక కూర్చుని చూడాలి, అదే రోజు ఒక్క విషయం మీదే సలహా ఇవ్వాలి. అయిదు తప్పులు ఏకరువు పెడితే ఒక్కటీ మారదు. కోచ్ హెడ్మాస్టరు కాకూడదు. ఆయన చూడటానికొస్తే టీచర్లు తనిఖీ అనుకుని బెదిరిపోతారు. ఒక్కో కోచ్‌కు ఎనిమిదిమంది టీచర్లకు మించి అప్పగించొద్దు. వాట్సాప్ మంచిదే, కానీ ఛార్జింగ్, డేటా ఖర్చు ఇవ్వకపోతే గుంపులో నలుగురే మాట్లాడతారు.

మా అభిప్రాయం స్పష్టం. మొదటి ఏడాది పొట్టి శిక్షణ, కోచింగ్. ఆ తర్వాత నిలబడినవాళ్లకు డిప్లొమా. డబ్బు ఒక్కదానికే ఉంటే కోచింగ్‌కే పెట్టండి, ఎందుకంటే పిల్లలు ఈ ఏడాదే ఆ గదిలో ఉన్నారు. మొదటి రోజు నుంచే హాజరు, పాఠ పరిశీలన కాగితాలు తేదీలతో దాచిపెట్టండి; తర్వాత కాలేజీ ఆ పనిని లెక్కలోకి తీసుకోవాలని అడగడానికి అవే ఆధారం. శిక్షణ జరిగేచోట పసిపిల్లల్ని చూసుకునే మనిషిని కూడా పెట్టండి. లేకపోతే రెండో రోజు నుంచే తల్లులు రావడం మానేస్తారు.