సుంకి ఘాట్‌లో మూడు వానాకాలాలు: నా పసుపు ఫాగ్ లైట్లు

సాలూరు నుంచి కోరాపుట్ వైపు ఎక్కే సుంకి ఘాట్‌లో రాత్రి మంచు దిగినప్పుడు ఎడమ పక్కన తెల్ల గీత ఒక్కటి కనపడితే చాలు, ఇంటికి చేరతాం. ఆ గీత కోసమే ఈ లైట్లు కొన్నాను.

నేను ఉండేది కోరాపుట్ జిల్లా సిమిలిగుడలో. పొట్టంగి, నందపూర్ వైపు ఊళ్లలో అల్లం కొని సాలూరులో, విజయనగరంలో దించి వస్తాను. బండి బొలెరో క్యాంపర్, ఫోర్ బై ఫోర్. 2022 జూన్‌లో బంపర్ కింద పసుపు ఎల్‌ఈడీ ఫాగ్ లైట్ల జత వేయించాను. అంతకుముందు క్యాబిన్ మీద లైట్ బార్ ఒక్కటే ఉండేది. మబ్బు లేని రాత్రి తోటల మట్టిదారిలో అది పట్టపగలు చేస్తుంది. మంచులో వేస్తే మాత్రం బోనెట్ మీద తెల్ల దుప్పటి ఆరేసినట్టే. వెలుగు మన కళ్ల ముందు నుంచే పోతుంది కదా, దగ్గరి మంచు వెలిగి వెనక్కి కొడుతుంది.

ఈ జతలో నేను మనసారా ఇష్టపడేది వెలుగు పై అంచు. గోడ ముందు నిలిపి వేస్తే స్కేలు పెట్టి గీసినట్టు ఆగిపోతుంది. ఆ గీతకు పైన చీకటి. మంచులో ఆ చీకటే మనకు కావాలి. వెలుగు కింద నుంచి పాకిపోయి రోడ్డు రెండు అంచులూ చూపిస్తుంది. మొదటిసారి ఆ మలుపుల్లో ఇది చూసినప్పుడు నా భుజాల బిగువు దానంతటదే సడలిపోయింది. ఆ ఏడాది అడిగిన ప్రతివారికీ ‘పసుపు రంగు వేయించండి, మంచును చీల్చుకుపోతుంది’ అని చెప్పాను.

ఇప్పుడు అలా చెప్పను. 2023 ఆగస్టులో ఒక రాత్రి సాలూరులో సరుకు దించి తిరిగొస్తున్నాం. పక్కన మా మేనల్లుడు. కింద వాన, సగం ఎక్కేసరికి మంచు. ఉన్నట్టుండి ముందంతా పసుపు గోడ. మంచు చిక్కబడింది అనుకుని సెకండ్ గేర్‌కి, తర్వాత ఫస్ట్‌కి వచ్చాను. ముందు లారీ ఎర్ర లైటు కూడా మాయమైంది. వాడు కిటికీలోంచి తల బయటపెట్టి ‘అంచు ఉంది మావయ్యా, రా, రా, చాలు’ అంటుంటే బండిని పాకించాను. కొంచెం వెడల్పున్న చోట పక్కకు తీసి, ఇండికేటర్లు నాలుగూ వేసి దిగాం.

‘మావయ్యా, మన ఎడమ లైటు చెట్లను చూస్తోంది’ అన్నాడు.

నిజమే. బ్రాకెట్ నట్టు వదులై లైటు పైకి తిరిగింది. మహా అయితే పావు అంగుళం. వాడు చేత్తో కిందికి నొక్కి పట్టుకున్నాడు. గోడ పోయింది. తెల్ల గీత, దాని పక్కన పారుతున్న ఎర్ర నీళ్లు తేటగా కనిపించాయి. చెయ్యి తీశాడు, మళ్లీ గోడ. వానలో నిలబడి నాలుగైదు సార్లు అదే చేసి చూశాం. అదే మంచు, అదే పసుపు. తేడా అంతా కోణంలో ఉంది. ఈ రంగు కంటికి హాయి, తెల్లదానంత గుచ్చదు, అంతవరకే. మంచు బిందువులకు పసుపైనా తెలుపైనా దాదాపు ఒకటే. నట్టు బిగిద్దామంటే మర అరిగిపోయింది. పాత సైకిల్ ట్యూబు ముక్క మడిచి సందులో దూర్చి ఇల్లు చేరాం.

లైటు మంచిదే, దాన్ని పట్టుకునే రేకు మాత్రం మన దారుల కుదుపులకు చాలదు. సునాబెడలో వెల్డింగ్ షాపులో మందం ప్లేటుతో బ్రాకెట్లు చేయించి, వదులు కాని నైలాక్ నట్లు వేయించాను. ఆ తర్వాత కదల్లేదు.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. బండి ఖాళీగా ఉన్నప్పుడు లైట్లు సెట్ చేస్తే, వెనక అల్లం బస్తాలు ఎక్కగానే ముక్కు లేచి వెలుగు పైకి పోతుంది. అందుకని ఇప్పుడు లోడుతోనే, చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో నిలిపి, పై అంచు లైటు ఎత్తు కంటే 4 అంగుళాలు కిందకు ఉండేలా పెడతాను. ఖాళీగా వచ్చేటప్పుడు వెలుగు కాస్త దగ్గరలోనే పడుతుంది. ఘాట్‌లో నాకది ఇబ్బంది కాదు.

పెట్టె మీద ఐపీ67 అని ఉంది. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా తట్టుకోవాలి. కుడి లైటు మాత్రం ఒకసారి వాగు దాటాక రెండు రోజులు లోపల ఆవిరి పట్టి ఉంది. హాలోజెన్ బల్బు అయితే దాని వేడికే ఆ తేమ ఆరిపోయేది. ఎల్‌ఈడీ అద్దం అంతగా వేడెక్కదు. మీద పడ్డ బురదను ఆగిన ప్రతిచోటా గుడ్డతో తుడవాల్సిందే.

నేను మంచులో గంటకు ముప్పై కిలోమీటర్లు దాటను, దారి అలవాటైనది, పక్కన ఇంకో జత కళ్లు ఉంటాయి. ఒంటరిగా, తెలియని దారిలో, అంతకంటే వేగంగా వెళ్లేవారికి ఇవి చాలతాయని చెప్పలేను. రాయగడ, గుణుపురం వైపు మంచు తక్కువ పట్టే దారుల్లో తిరిగేవారికి హెడ్‌లైటు అద్దాలు శుభ్రంగా ఉంచుకుంటే సరిపోవచ్చు. నా లైట్ బార్ క్యాబిన్ మీదే ఉంది. తోటల దారిలో వేస్తాను, తారు రోడ్డు ఎక్కగానే ఆర్పేస్తాను.