మండపంలో పోయిన గీత, మేడ మీద దొరికింది

ఆమదాలవలసలో తెల్లారగట్ల పాసింజరెక్కితే టిఫిన్ వేళకి విజయనగరంలో దిగిపోవచ్చు. నేనలాగే వెళ్లాను, రెండు రోజుల పొట్టి సినిమాల పండగకి. రెండు రోజులకీ కలిపి పాసు 200. పాటలూ ఫైట్లూ ఉండవనీ, కొన్నింట్లో అసలు మనుషులే ఉండరనీ ముందే చెప్పారు. 30 ఏళ్లు బళ్లో డ్రాయింగు చెప్పినవాణ్ణి, గీతలు కదులుతాయంటే ఇంట్లో కూర్చోగలనా?

మొదటిరోజు ఓ కల్యాణమండపంలో వేశారు. కుర్చీలు మెత్తన, ఏసీ చల్లన, భోజనంలో పులిహోరకి ఇంగువ సరిగ్గా పడింది. సినిమాకి మాత్రం అది పనికొచ్చే చోటు కాదు. ముందురోజు పెళ్లి తాలూకు థర్మోకోల్ స్తంభాలు తియ్యకుండానే వాటి మధ్య తెర కట్టారు. పక్క తలుపులకి అద్దాలు, అద్దాలకి పల్చటి గుడ్డ. పదకొండు గంటల ఎండ తిన్నగా తెర మీదికే.

ఆ ఎండలో కెనడా యానిమేషన్ కళాకారులు నార్మన్ మెక్‌లారెన్, ఎవలిన్ లాంబార్ట్ కలిసి 1949లో చేసిన 'బిగాన్ డల్ కేర్' వేశారు. దానికి కెమెరా వాడలేదు. ఆస్కార్ పీటర్సన్ బృందం వాయించిన జాజ్‌కి తగ్గట్టు ఫిల్ము మీదే రంగులు పూసి, గీకి ఆడించారు. మధ్యలో సంగీతం నెమ్మదిస్తుంది, నల్లటి తెర మీద సన్నటి తెల్లగీతలు వణుకుతాయి. మాకు ఆ నలుపు బూడిదరంగైపోయింది, గీతల జాడే లేదు. వెనకాల వంటవాళ్లు గంగాళాలు తోముతున్న చప్పుడు పియానోలో కలిసింది. మాటలున్న సినిమా అయితే సగం వినబడినా కథ పట్టుకుంటాం. ఇక్కడ గీత పోతే సినిమా పోయినట్టే.

బస చేసింది ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో, రోజుకి 900. దుప్పట్లు శుభ్రం. వేడినీళ్లు పొద్దున్న 6 నుంచి 8 దాకా బకెట్లో తెస్తారు, తెచ్చే కుర్రాడు నెమ్మదస్తుడు. రాత్రంతా బస్సుల హారన్లే. రోడ్డు వైపు గది వద్దని ముందే చెప్పాలి. నేను చెప్పలేదు.

రెండోరోజు మండపంలో ముహూర్తం ఉందట, మమ్మల్ని ఓ ట్యూషన్ సెంటరు మేడ మీదికి తోలారు. ఎక్కుతూనే ఉసూరుమంది. చెక్క బెంచీలు, మూడు ఫ్యాన్లు, బాత్రూమ్ కిందెక్కడో. అయితే కిటికీలకి నల్లగుడ్డా, దాని మీద గోనెలూ కొట్టారు. లైటు తీస్తే కన్ను పొడుచుకున్నా కనబడదు.

మొదట మెక్‌లారెన్‌దే 'నైబర్స్', 1952. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు, వాళ్ల మధ్య ఒక్క పువ్వు. అది నాదంటే నాదని కంచె కట్టుకుని కొట్టుకు చస్తారు. మనుషుల్నే బొమ్మల్లా నిలబెట్టి ఒక్కో ఫ్రేమూ తీయడం ఇందులో పద్ధతి. ఎగిరిన ప్రతిసారీ గాల్లో ఉన్నప్పుడే తీస్తే, నేల తాకకుండా జారిపోతున్నట్టు కనిపిస్తారు. మొదట అందరం నవ్వాం. ఆ గొడవ పెళ్లాంపిల్లల దాకా వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. నా వెనక బెంచీ పెద్దాయన ఉండబట్టలేక, "ఇది మా ఊరి గట్టు తగువే బావూ!" అన్నాడు. రెండ్రోజుల్లో నేను విన్న విమర్శల్లో అదే మేలైనది.

తర్వాత కేంద్రప్రభుత్వ సినిమా సంస్థ ఫిల్మ్స్ డివిజన్ కోసం ప్రమోద్ పతి 1972లో తీసిన 'ఆబిద్'. అదీ అదే పద్ధతి, చిత్రకారుడు ఆబిద్ సుర్తీ గదినిండా రంగులు పులుముతూ గెంతుతాడు. ప్రభుత్వం డబ్బుతో ఇంత అల్లరి చెయ్యనిచ్చారా అని ఆశ్చర్యం. సౌండు కాస్త ఎక్కువైంది, నాకు తలనొప్పి పట్టుకుంది.

స్థానికుల సినిమాల్లో సగం నీతిపాఠాలు. వాటిని వదిలెయ్యొచ్చు. ఒక పాలిటెక్నిక్ కుర్రాడిది మాత్రం మర్చిపోలేను. అద్దం మీద చోళ్లు, అంటే రాగులు, పోసి, కింద నుంచి దీపం పెట్టి, వేలితో జరుపుతూ ఫోనుతో ఫొటోలు తీశాడు. సెకనుకి 12, రెండు నిమిషాలకి 1440. కొండ చెరువవుతుంది, చెరువు అవ్వ మొహమవుతుంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకే ఆడవాళ్ల ఓపిక గుర్తొచ్చింది. చివర్లో అవ్వ ముక్కు వంకరపోయింది. "అదేటిరా?" అంటే, "చీమలొచ్చేశాయి మేష్టారూ, అక్కడ మళ్లీ తియ్యలేదు" అన్నాడు.

మధ్యాహ్నం రెండు గంటల విరామం. గురజాడ ఇంటి దాకా నడిచి, గంటస్తంభం దగ్గర టీ తాగి తొందరగా వచ్చేశాను. ప్రొజెక్టరు అబ్బాయి ఖాళీగా కనిపిస్తే, "నిన్నటి రంగుల సినిమా ఓసారి వెయ్యి నాయనా" అనడిగాను. అన్నం డబ్బా పక్కన పెట్టి వేశాడు. గదిలో నలుగురమే. నలుపు నల్లగా వచ్చింది. గీత లేచింది, వణికింది, రెండైంది.

వచ్చే ఏడాది కూడా వేస్తామన్నారు. మేడ మీదే అయితే వెళ్తాను, దిండొకటి పట్టుకుని. ఆ బెంచీలు మరీ గట్టివి.