మాస్టర్స్ చదివేవాళ్లకు 2,500 డాలర్ల ట్యాక్స్ క్రెడిట్ ఇప్పిస్తామంటే నమ్మకండి

అమెరికాలో మాస్టర్స్ చదువుతూ ట్యాక్స్ ఫైల్ చేయించుకుంటున్న మనవాళ్లందరికీ చెప్తున్నాను. "ఇండియాలో చదివింది ఇక్కడ లెక్కలోకి రాదండీ, మీకు చదువు ఖర్చు మీద ట్యాక్స్ క్రెడిట్ (ట్యాక్స్‌లో తగ్గింపు) కింద 2,500 డాలర్లు వస్తాయి" అని ఎవరైనా అంటే వాళ్ల చేతికి మీ కాగితాలు ఇవ్వకండి.

మాకు సరిగ్గా ఈ మాటే చెప్పారు. మావారిది హెచ్‌1బీ ఉద్యోగ వీసా. నేను ఇండియాలో నాలుగేళ్ల బీటెక్ చేసి, ఆయన మీద ఆధారపడి వచ్చే హెచ్‌4 వీసా మీద ఇక్కడ మాస్టర్స్‌లో చేరాను. తెలిసినవాళ్లు ఒక ట్యాక్స్ ప్రిపేరర్ (డబ్బు తీసుకుని రిటర్న్ వేసిపెట్టే మనిషి) గురించి చెప్పారు, ఆయన తెలుగులో ఓపిగ్గా మాట్లాడారు, నమ్మేశాం. ఫీజు రీఫండ్‌లో పది శాతం అన్నారు. అక్కడే అనుమానం రావాల్సింది. అలా శాతాల్లో ఫీజు అడిగేవాళ్లతో జాగ్రత్త అని ఐఆర్ఎస్సే (అమెరికా ట్యాక్స్ శాఖే) చెప్తుంది.

రెండేళ్లు వరసగా ఆయనే ఫైల్ చేశారు. తర్వాత ఐఆర్ఎస్ ఉత్తరం వచ్చింది. తీసుకున్న 5,000 డాలర్లూ వెనక్కి కట్టాలి, పైన వడ్డీ, పెనాల్టీ. ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టక రిటర్న్ కాపీలు ముందేసుకుని కూర్చున్నాను. ఈ క్రెడిట్ కోసం రిటర్న్‌తో వేసే ఫారం 8863లో 25వ లైను ఒక్కటే ప్రశ్న అడుగుతుంది: ఈ విద్యార్థి పైచదువుల్లో మొదటి నాలుగేళ్లు ఈ ట్యాక్స్ సంవత్సరానికి ముందే పూర్తి చేశారా? జవాబు "నో" అని ఉంది. నా బీటెక్ పట్టా స్కాన్ చేసి ఆయనకు పంపింది నేనే! యూనివర్సిటీ ఇచ్చిన ఫీజు వివరాల ఫారం 1098-టీలో గ్రాడ్యుయేట్ విద్యార్థి అని 9వ బాక్సులో టిక్ కూడా ఉంది. అసలు రిటర్న్ ఫారం 1040 రెండో పేజీ అడుగున ప్రిపేరర్ సంతకం, ఆయనకు ఐఆర్ఎస్ ఇచ్చే పీటిన్ నంబరు ఉండాల్సిన చోటు ఖాళీ. అంటే ఆ రిటర్న్ మేమే సొంతంగా వేసుకున్నట్టు.

అసలు రూల్ ఇది. 2,500 డాలర్ల అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ డిగ్రీ మొదటి నాలుగేళ్లకే. ఏ దేశంలో చదివారన్నది కాదు, పాత చదువుకి ఇప్పటి కాలేజీ ఎన్నేళ్ల కోర్సు క్రెడిట్లు ఇచ్చిందన్నది చూస్తారు. మా పిన్ని కూతురు గ్రీన్‌కార్డు మీద వచ్చి డిగ్రీ మధ్యలో చేరింది. కాలేజీ రెండేళ్ల కోర్సు క్రెడిట్లే ఇచ్చింది కాబట్టి మిగతా చదువుకి బాబాయి క్లెయిమ్ చేస్తున్నారు, అది సబబే. నాకు వర్తించేది లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్: ఫీజులో 20 శాతం, ఏడాదికి 2,000 డాలర్ల దాకా. ట్యాక్స్ తగ్గుతుంది, అంతకు మించి చేతికేమీ రాదు. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్‌లో అయితే కట్టాల్సిన ట్యాక్స్ లేకపోయినా 1,000 డాలర్ల దాకా చేతికొస్తుంది. ఆ ఆశే చూపిస్తారు.

ఎఫ్‌1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మీరు ట్యాక్స్ లెక్కలో మామూలుగా నాన్‌రెసిడెంట్లే, వేయాల్సింది వాళ్ల రిటర్న్ ఫారం 1040-ఎన్ఆర్. అందులో ఈ రెండు క్రెడిట్లూ ఉండవు. "1040 వేసేద్దాం, అందరూ అలాగే వేస్తున్నారు" అంటే ఒప్పుకోకండి. నిర్లక్ష్యంగా తప్పుడు క్లెయిమ్ చేశారని తేలితే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ రెండేళ్లు బంద్, మోసమని తేలితే పదేళ్లు.

ఆ ప్రిపేరర్ మీద ఫారం 14157తో ఐఆర్ఎస్‌కి ఫిర్యాదు పంపాను. ఇలాంటి వాళ్ల దగ్గర ఇప్పటికే ఫైల్ చేయించుకుని ఉంటే, ఈరోజే మీ 8863 తీసి 25వ లైను చూడండి. తప్పుంటే ఉత్తరం వచ్చేదాకా ఆగకుండా రిటర్న్ సవరణ ఫారం 1040-ఎక్స్ వేసి సరిచేసుకోండి.