విజయనగరం గంటస్తంభం దగ్గర డాక్యుమెంట్ల షాపు – యూరప్‌లో పిల్లలున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా

మా తమ్ముడు జర్మనీలో మ్యూనిక్‌లో బ్లూ కార్డ్ (యూరప్ దేశాలు బాగా చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్) మీద ఉద్యోగం చేస్తుండేవాడు, మొన్నీమధ్య నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్‌లో వేరే కంపెనీలో ఆఫర్ వచ్చింది, భార్యనీ పాపనీ తీసుకుని మారిపోవాలి. ఇక్కడ మా వీధిలో అందరూ ఒకటే మాట, జర్మనీ కార్డుంది కదమ్మా, యూరప్ అంతా ఒకటే కదా, ఇంక కాగితాలేటి అని. ఒకటి కాదండీ. జర్మనీ కార్డుతో పక్క షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు తిరిగి రావచ్చు అంతే, అక్కడ కాపురం పెట్టి ఉద్యోగం చెయ్యాలంటే ఆ దేశం రెసిడెన్స్ పర్మిట్ మళ్ళీ తీసుకోవాల్సిందే. బ్లూ కార్డ్ వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, మొదటి దేశంలో 12 నెలలు పూర్తయితే రెండో దేశంలోకి వెళ్ళి, వెళ్ళిన నెలలోపు అక్కడే అప్లై చేసుకోవచ్చు, డెన్మార్క్ ఐర్లాండ్ మాత్రం ఈ బ్లూ కార్డ్‌లో లేవు.

అక్కడి అప్లికేషన్ వాడి కంపెనీయే ఐఎన్‌డీ అనే వాళ్ళ ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి పెట్టింది, దాంతో మాకు పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఇక్కడే. నెదర్లాండ్స్‌లో నాలుగు నెలలు దాటి ఉండేవాళ్ళు దిగిన 5 రోజుల్లో గెమేంటెకి (అంటే మన మున్సిపల్ ఆఫీసు లాంటిది) వెళ్ళి పేరు నమోదు చేయించుకోవాలి, అక్కడ అపోస్టిల్ (కాగితం అసలుదేనని మన విదేశాంగ శాఖ వేసే స్టిక్కర్) ఉన్న బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు, భార్య కోసం మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా. మా తమ్ముడికి అసలు బర్త్ సర్టిఫికెట్టే లేదు. బొబ్బిలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఇంట్లోనే పుట్టాడు, ఆ రోజుల్లో పంచాయతీలో రాయించాలని ఎవరికి తోచింది, పాస్‌పోర్ట్‌కి టెన్త్ మార్క్స్ మెమో సరిపోయింది, జర్మనీ వెళ్ళినప్పుడు కూడా ఎవరూ అడగలేదు.

మొదట వైజాగ్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం, పేరు రాయను. ప్యాకేజీ అని నలభై ఐదు వేలు చెప్పారు, అందులో డిగ్రీ, ఇంటర్, టెన్త్ అన్నిటికీ అటెస్టేషన్, అన్నిటికీ డచ్‌లోకి ట్రాన్స్‌లేషన్. ఏ ఆఫీసు ఏం అడుగుతుందని అడిగితే జవాబు లేదు, అన్నీ ఉంటే మంచిదమ్మా అన్నారు. అక్కడినుంచి వచ్చీసాక మా స్కూల్లో సైన్స్ మేడమ్ ఈ షాపు గురించి చెప్పింది.

గంటస్తంభం నుంచి కొంచెం లోపలికి, జిరాక్స్ షాపు పక్కనుంచి మెట్లెక్కి పైకెళ్ళాలి, బోర్డు కూడా చిన్నదే. నడిపే ఆయన రిటైరయ్యే దాకా తహసీల్దార్ ఆఫీసులో చేసారట, అందరూ మాస్టారనే పిలుస్తారు. నేను తీసుకెళ్ళిన ఫైల్ తీసి ముందు ఒక తెల్ల కాగితం మీద గీతలు కొట్టారు, పాస్‌పోర్ట్, టెన్త్ మెమో, అమ్మ ఆధార్, నాన్న ఆధార్ ఒక్కో గడిలో పెట్టి పేర్లన్నీ అక్షరం అక్షరం రాసుకున్నారు. నాన్న పేరు ముందు వెంకట అని మెమోలో ఉంది, ఆధార్‌లో లేదు, తమ్ముడి ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటే మెమోలో పొడి అక్షరమే ఉంది. "అమ్మా, ఇది ఇప్పుడు సరిచేసుకోకపోతే అక్కడెక్కడో కౌంటర్‌లో మీ తమ్ముడు నిలబడిపోతాడు, పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే బర్త్ సర్టిఫికెట్‌లో రావాలి" అన్నారు. నాకు ఆ మాటతోనే నమ్మకం కుదిరింది.

పుట్టిన ఏడాది దాటాక నమోదు చెయ్యాలంటే పంచాయతీ సొంతంగా చెయ్యదు, ముందు రికార్డులో లేదని వాళ్ళు రాసివ్వాలి, అఫిడవిట్ పెట్టి మీసేవలో అప్లై చెయ్యాలి, ఎంక్వయిరీ అయ్యాక ఆర్డీఓ ఆర్డర్ ఇస్తే అప్పుడు రిజిస్టర్ చేస్తారు. మాది బొబ్బిలి డివిజన్ కిందికొస్తుంది. తమ్ముడు ఇక్కడ లేకపోయినా అమ్మా నాన్నా సంతకాలతో నడిచింది. వీఆర్ఓ గారు ఊళ్ళోకొచ్చి అడిగినప్పుడు అమ్మమ్మ పక్కింటావిడ, ఎనభై దాటిన మనిషి, వాడు పుట్టిన రోజు వాన పడుతుండేదని కూడా చెప్పింది. అర్జీ రాయడం, ఏ కాగితం వెనక ఏది పెట్టాలో చెప్పడం అంతా మాస్టారే.

మ్యారేజ్ సర్టిఫికెట్‌ని నాన్న భద్రంగా లామినేషన్ చేయించి బీరువాలో పెట్టారు. అపోస్టిల్ స్టిక్కర్ కాగితం వెనక అంటిస్తారు, ప్లాస్టిక్ మీద కుదరదు, అందుకని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇంకో కాపీ తీయించారు. దయచేసి ఏ సర్టిఫికెట్టూ లామినేషన్ చేయించకండి.

అపోస్టిల్ కావాలంటే ముందు రాష్ట్ర ప్రభుత్వం వెరిఫై చెయ్యాలి, తర్వాత విదేశాంగ శాఖ స్టిక్కర్ వేస్తుంది. 2012 నుంచి కాగితాలు విదేశాంగ శాఖకి మనం నేరుగా ఇవ్వడానికి లేదు, వాళ్ళు పెట్టుకున్న ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలి. స్టిక్కర్‌కి గవర్నమెంట్ ఫీజు 50 రూపాయలే, మిగతాది ఏజెన్సీ చార్జీలు, కొరియర్, మధ్యవాళ్ళది. మాకు రెండు సర్టిఫికెట్లకి అన్నీ కలిపి ఎనిమిది వేల చిల్లరైంది, దేనికెంతో రాసిచ్చారు. ట్రాన్స్‌లేషన్ అక్కర్లేదన్నారు, మన బర్త్ సర్టిఫికెట్‌లో తెలుగుతో పాటు ఇంగ్లీష్ కూడా ఉంటుంది, నెదర్లాండ్స్‌లో ఇంగ్లీష్ తీసుకుంటారు. డిగ్రీ కాగితాలు ముట్టుకోనే లేదు, కంపెనీ అడిగితే అప్పుడు రండి అని పంపీసారు. డబ్బొచ్చే పని వద్దని చెప్పేవాళ్ళు ఈ లైన్లో ఎంతమంది ఉంటారు చెప్పండి.

పాప సర్టిఫికెట్ గురించి కూడా కంగారు పడ్డాం. తను మ్యూనిక్‌లో పుట్టింది, ఒక ఈయూ (యూరోపియన్ యూనియన్) దేశం ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్‌కి ఇంకో ఈయూ దేశంలో అపోస్టిల్ అక్కర్లేదు, 2019 నుంచి ఆ రూల్ ఉంది. ఇది తమ్ముడు కనుక్కున్నది. మాస్టారు అయితే యూరప్ రూల్స్ నాకు తెలీవమ్మా, అక్కడి ఆఫీసు వెబ్‌సైట్‌లో ఏముందో ప్రింట్ తెండి, దాన్ని బట్టి చేస్తాను అని ముందే చెప్పీసారు. అది మంచిదే, ఎందుకంటే దేశానికో పద్ధతి, మన అపోస్టిల్‌ని జర్మనీ ఒప్పుకోదు, పక్కనున్న నెదర్లాండ్స్ ఒప్పుకుంటుంది.

బాగోలేనివి కూడా చెప్పాలి. ఫోన్ ఎత్తరు. కాగితాలు ఎక్కడిదాకా వెళ్ళాయో మనం అడిగితేనే చెప్తారు, మెసేజ్ పెట్టే అలవాటు లేదు, ఊరవతల నుంచి వచ్చేవాళ్ళకి ఇది చాలా కష్టం. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మని సంతకం కోసం ఎక్కించడానికి నా ప్రాణం పోయింది, ఆయన కిందికి దిగొచ్చి సంతకం పెట్టించుకోవచ్చు కదా. అన్నిటికంటే పెద్ద లోపం, అక్కడి కుర్రాడు స్కాన్ ముందువైపే తీసి పంపాడు, స్టిక్కర్ వెనక ఉంటుంది కదా, తమ్ముడి కంపెనీ హెచ్ఆర్ తిప్పి పంపించింది, మళ్ళీ తీయించాం. స్కాన్ మీ చేత్తో మీరే రెండువైపులా చూసుకోండి.

నేను ఐదుకి నాలుగు ఇస్తున్నా. సర్టిఫికెట్ లేని పిల్లలెవరైనా అక్కడ దేశం మారే ఆలోచనలో ఉంటే ఆఫర్ వచ్చేదాకా ఆగకుండా బర్త్ సర్టిఫికెట్ పని ఇప్పుడే మొదలెట్టండి, అపోస్టిల్ కంటే ఆర్డీఓ ఆర్డరే ఎక్కువ టైం తీసుకుంది మాకు. శనివారం జనం ఎక్కువ, మామూలు రోజు పొద్దున్నే వెళ్తే మాస్టారు తీరిగ్గా కూర్చుని చూస్తారు, ఒరిజినల్స్‌తో పాటు పాస్‌పోర్ట్ కాపీ తప్పకుండా తీసుకెళ్ళండి.