కావలిలో డాక్టర్ స్ట్రేంజ్: పదకొండో లెవెల్ దాకా ఆడాక

బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ తలో పాత్రగా కథ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మార్వెల్ కామిక్స్ మాంత్రికుడు డాక్టర్ స్ట్రేంజ్‌ని ఆడాలని ఉంటే ఇంకో ఆలోచన పెట్టుకోకండి, అబ్జురేషన్ స్కూల్ విజార్డ్, అంటే రక్షణ మంత్రాల మాంత్రికుణ్ని తీసుకోండి. అదీ ఆర్కేన్ వార్డ్ కోసమే, దెబ్బల్ని మన బదులు తీసుకునే మంత్రపు గోడ అది. మేం కావలిలో ఆడేది 2014 నాటి రూల్స్. మొదటి లెవెల్లో మొదలుపెట్టిన నా పాత్ర ఇప్పుడు పదకొండులో ఉన్నాడు, ఇంకా బతికే ఉన్నాడు. అందులో సగం పుణ్యం ఆ వార్డ్‌దే.

విజార్డ్ బదులు సార్సరర్ క్లాస్ (పాత్ర రకం) తీసుకోమని మా వాళ్లు ఒకరిద్దరు గట్టిగానే అన్నారు. ఆ క్లాస్‌వాడికి శక్తి పుట్టుకతో వస్తుంది, కరిస్మా (ఆకర్షణ) మీద నడుస్తుంది. 1963లో కామిక్స్‌లోకి వచ్చిన స్ట్రేంజ్ అలాంటివాడు కాదు. చేతులు పాడైన సర్జన్, హిమాలయాల్లో గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. ఏదో పెద్ద శక్తితో ఒప్పందం పెట్టుకుని మంత్రాలు తెచ్చుకునే వార్‌లాక్ వాదనలో కొంచెం పస ఉంది, స్ట్రేంజ్ కూడా విశాంతి, సైటోరాక్ లాంటి శక్తుల్ని తలుచుకునే కదా మంత్రాలు వేస్తాడు. కానీ వార్‌లాక్‌కి పదో లెవెల్ దాకా రెండే స్లాట్లు (ఒక్కో మంత్రానికి ఒకటి ఖర్చవుతుంది). రెండు మంత్రాలు వేసి మూడోదానికి రెస్ట్ అడిగే స్ట్రేంజ్‌ని నేను ఆడలేను.

కథ నడిపే మా డీఎం (డంజన్ మాస్టర్)ది ఉదయగిరి. ఆ కోట ఎక్కి దిగి పెరిగినవాడు కాబట్టి కథంతా అక్కడే పెట్టాడు. కింద కృష్ణదేవరాయల సేన, కొండ మీద గజపతుల సేన, 1514లో కోట చేతులు మారేలోపు మా పని అయిపోవాలి. మార్కాపురం పలక మీద సుద్దతో గళ్లు గీసి అదే మ్యాప్ అంటాడు, తడిగుడ్డ పెట్టి తుడిచాడంటే సొరంగం కాస్తా గుడి అయిపోతుంది. అక్కడ న్యూయార్క్ డాక్టర్ ఇమడడు. అందుకని నావాడు శస్త్రవైద్యుడు, కొండదారిలో బండి బోల్తా పడి వేళ్లు నుజ్జయ్యాయి. వణికే చేతులకు రూల్స్‌లో ఏమీ లేదు, డెక్స్టెరిటీ (చురుకుదనం) 8 పెట్టుకుని సరిపెట్టాను. స్ట్రేంజ్‌ని గాల్లో తేలించే అంగీ బదులు వెంకటగిరి నేత ఎర్ర ఉత్తరీయం. అంత పలచటి బట్ట గాల్లో తేలకపోతేనే వింత. రూల్స్ లెక్కన మాత్రం అది వింగ్డ్ బూట్స్ అనే ఎగిరే వస్తువు. ఫ్లై స్పెల్‌తో ఎగిరితే, ఒకసారికి ఒక్క మంత్రం మీదే నిలిచే కాన్సన్ట్రేషన్ మొత్తం దానికే పోతుంది, అందుకే డీఎంని బతిమాలి వస్తువుగా తెచ్చుకున్నాను. పైన తేలుతూ, ఒకణ్ని మంత్రంతో కట్టేసి, అదే సమయంలో ఇంకో లోకానికి దారి తెరిచే కామిక్ పేజీలు ఈ ఆటలో కుదరవు. గుండ్రటి ద్వారాల మీద మనసుపడ్డవాళ్లు ఆర్కేన్ గేట్ మంత్రం కోసం నాలాగే పదకొండో లెవెల్ దాకా ఆగాలి.

ఇక వార్డ్ సంగతి. రెండో లెవెల్లో నా హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) పద్నాలుగు, వార్డ్‌వి ఏడు. పొద్దున లేవగానే మేజ్ ఆర్మర్ అనే కవచ మంత్రం వేసుకుంటే చాలు, అది అబ్జురేషన్ మంత్రమే కాబట్టి వార్డ్ దానంతటదే నిలబడుతుంది. డెక్స్టెరిటీ 8 పుణ్యాన నా ఆర్మర్ క్లాస్ (నన్ను కొట్టడానికి శత్రువు పాచిక అందుకోవాల్సిన అంకె) 12 మించదు, గాజు మనిషి కింద లెక్క. అయినా దెబ్బ ముందు వార్డ్‌కి తగులుతుంది. అది సున్నాకి వచ్చినా పోదు, మేడ మీద నీళ్ల ట్యాంకులా ఖాళీగా అలాగే ఉంటుంది, దెబ్బకి అడ్డుపడే షీల్డో, అవతలి మంత్రాన్ని ఆపే కౌంటర్‌స్పెల్లో వేసినప్పుడల్లా స్పెల్ లెవెల్‌కి రెట్టింపు నిండుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఈ పాత్ర మిగతావాళ్ల టర్న్‌లో ఆడుతుంది. ఎవడో కత్తి ఎత్తగానే షీల్డ్, ఎవడో మంత్రం మొదలెట్టగానే కౌంటర్‌స్పెల్. ఆరో లెవెల్ నుంచి ప్రొజెక్టెడ్ వార్డ్, అంటే ముప్పై అడుగుల్లో ఉన్న పక్కవాడికి తగలాల్సిన దెబ్బని కూడా మన వార్డ్ మీదికి తీసుకోవచ్చు. స్ట్రేంజ్‌ని మొదట గీసిన స్టీవ్ డిట్కో బొమ్మల్లో స్ట్రేంజ్ కొట్టేది తక్కువ, చేయి అడ్డం పెట్టేది ఎక్కువ. ఆ తీరు ఇక్కడ దొరికినట్టు ఇంకో క్లాస్‌లో నాకు దొరకలేదు. మిగతావాళ్ల టర్న్ వచ్చినప్పుడు ఫోన్ చూసుకునే అలవాటు కూడా పోయింది.

ఏడో లెవెల్లో ఒక ఆదివారం జరిగింది చెప్తాను. కోట కింద సొరంగం, మేం నలుగురం. ఎదురుగా గజపతుల మాంత్రికుడు, వాడి పక్కన నడిచే రాతి విగ్రహం. మా ఫైటర్ ముందు నిలబడ్డాడు, అప్పటికే ఒళ్లంతా దెబ్బలు. ఆ రౌండ్‌లో వరస ఇదీ: మాంత్రికుడు, విగ్రహం, మా ఫైటర్, తర్వాత నేనూ ఇంకొకరూ, చివర్లో వైద్యం చేసే క్లరిక్.

మాంత్రికుడు ఫైర్‌బాల్ మొదలెట్టాడు. నలుగురం ఒకే మూల ఇరుక్కుని ఉన్నాం. ఎనిమిది ఆరుముఖాల పాచికలంత దెబ్బ, అంటే సగటున ఇరవై ఎనిమిది. కౌంటర్‌స్పెల్ అన్నాను. ఫైర్‌బాల్ మూడో లెవెల్ స్పెల్ కాబట్టి పాచిక కూడా వేయక్కర్లేదు, ఆరిపోయింది. వార్డ్‌కి ఆరు పాయింట్లు వచ్చి పద్దెనిమిది నిండాయి. అందరం అరిచాం, డీఎం మొహం మాడిపోయింది.

వెంటనే విగ్రహం టర్న్. మొదటి గుద్దుకే ఫైటర్ సున్నాకి పడ్డాడు. నా ముందు నిండు వార్డ్, ప్రొజెక్ట్ చేస్తే గట్టెక్కేవాడే. కానీ రియాక్షన్, అంటే అవతలివాళ్ల టర్న్‌లో అడ్డుపడే అవకాశం, రౌండ్‌కి ఒక్కటే, అది ఫైర్‌బాల్‌కి అయిపోయింది. రెండో గుద్దు పడిపోయినవాడి మీద కాబట్టి క్రిటికల్ (మామూలుకన్నా పెద్ద దెబ్బ), ప్రాణం నిలిపే డెత్ సేవ్‌లు మూడింట్లో రెండు పోయాయి. అతని టర్న్ వచ్చింది, ఇరవై ముఖాల పాచిక మీద ఏడు పడింది, మూడోదీ పోయింది. పాత్ర పోయింది, క్లరిక్ దాకా రానేలేదు.

"ఏంది సామీ, అంత గోడ కట్టుకుని నీకేనా?" అన్నాడు ఫైటర్. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ సాయంత్రం బజ్జీలు తినకుండా వెళ్లిపోయాడు. లెక్క ప్రకారం ఫైర్‌బాల్ ఆపడమే సరైనది, మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే ఆపుతాను. ఆ మాట అతనూ ఒప్పుకున్నాడు, రెండు వారాలకి.

పైన షీల్డ్, కౌంటర్‌స్పెల్, ప్రొజెక్టెడ్ వార్డ్ అని గొప్పగా చెప్పిన మూడూ ఆ ఒక్క రియాక్షన్‌నే తింటాయి. ఒక రౌండ్‌లో మూడూ చేతిలో ఉన్నట్టే కనిపిస్తాయి, దక్కేది ఒకటి. కింది లెవెల్స్‌లో శత్రువులు ఒకరిద్దరే కాబట్టి తెలియదు. ఏడు దాటాక గుంపులుగా వస్తారు, అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు మా టేబుల్లో ముందుకి దూకేముందు ఎవరైనా సరే "రియాక్షన్ ఉందా?" అని నన్ను అడిగే దూకుతారు.

వార్డ్ నింపుకోవడానికి అలారం అనే చిన్న అబ్జురేషన్ మంత్రాన్ని రిచువల్‌గా, అంటే నిదానంగా, మళ్లీ మళ్లీ వేసే కిటుకు ఒకటుంది. స్లాట్ ఖర్చు లేదు నిజమే, కానీ ఒక్కోసారికి పదకొండు నిమిషాలు, వచ్చేది రెండు పాయింట్లు. ఖాళీ వార్డ్ నిండాలంటే నాకు ఏడో లెవెల్లో గంటన్నర పైనే పట్టేది. మా డీఎం ఒప్పుకున్నాడు, ఒప్పుకుని ఆ గంటన్నరలో కాపలావాళ్లని పంపాడు. 2024లో వచ్చిన కొత్త రూల్స్‌లో బోనస్ యాక్షన్ (మన టర్న్‌లో దొరికే అదనపు చిన్న పని)తో స్లాట్ ఖర్చుపెట్టి నింపుకోవచ్చు, అది నయం. కాకపోతే వాటిలో కౌంటర్‌స్పెల్‌కి అవతలివాడు తట్టుకోవడానికి కాన్స్టిట్యూషన్ సేవ్ (పాచిక) వేస్తాడు, ఆపామన్న గ్యారంటీ లేదు. మేం ఇంకా మారలేదు.

ఫైటర్ మిత్రుడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక వీడియో కాల్‌లో ఆడుతున్నాం. ఈ పాత్రకి అది పెద్ద ఇబ్బంది. నేను "షీల్డ్" అనేసరికి డీఎం దెబ్బ లెక్క చెప్పేసి ఉంటాడు, ఇక వెనక్కి తీసుకోవడం, వాదన. ఒకే గదిలో పలక చుట్టూ కూర్చుంటే ఆ గొడవ ఉండేది కాదు. ఇప్పుడు ప్రతి దాడికీ ముందు డీఎం ఒక క్షణం ఆగుతున్నాడు, దాంతో ఆట కొంచెం నత్తనడక అయింది.

నాకైతే ఇంకో పాత్ర మీదికి మనసు పోవడం లేదు. కానీ మాది నలుగురి టేబుల్, క్లరిక్ ఉంది, అడిగితే వినే డీఎం ఉన్నాడు. ముగ్గురే ఉండి వైద్యం చేసేవాళ్లు లేకపోతే, లేదా ఆటంతా ఆన్‌లైన్‌లోనే అయితే, రియాక్షన్ జోలికి పోని డివినేషన్ విజార్డ్‌ని (భవిష్యత్తు చూసే మాంత్రికుణ్ని) ఒకసారి చూడండి. రోజూ ముందే వేసి పెట్టుకునే రెండు పాచికలు కూడా స్ట్రేంజ్‌కి నప్పుతాయి. డెక్స్టెరిటీ మాత్రం 8 పెట్టకండి, 10 చాలు.